లివర్‌లో కొవ్వు కొలిచే సీఏపీ స్కాన్: ఏళ్లుగా వాడాక నా అభిప్రాయం

లివర్ క్లినిక్‌లో ఫైబ్రోస్కాన్ (లివర్ గట్టిదనాన్ని, కొవ్వును కొలిచే స్కాన్) తీయడమే నా రోజువారీ పని. అందులో కొవ్వును కొలిచే సీఏపీ రీడింగ్ నాకు బాగా నచ్చింది. కాకపోతే అది తీసే చేతిని బట్టి ఉంటుంది.

మామూలు అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ కంటే లివర్ తెల్లగా కనిపిస్తే ఫ్యాటీ లివర్ అని రాస్తారు. గ్రేడు చూసే కంటిని బట్టి మారుతుంది, కొద్దిపాటి కొవ్వయితే చాలాసార్లు దొరకనే దొరకదు. సీఏపీ పద్ధతి వేరు. కొవ్వు ఎక్కువయ్యేకొద్దీ ధ్వని తరంగం తొందరగా బలహీనపడుతుంది. ఆ తగ్గుదలను మీటరుకి ఇన్ని డెసిబెల్స్ అని 100 నుంచి 400 లోపు అంకెలో ఇస్తుంది.

పేషెంట్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, కుడి చెయ్యి తల కింద పెట్టించాలి. కుడి కాలు ఎడమ కాలి మీద వేయిస్తే పక్కటెముకల సందు ఇంకాస్త తెరుచుకుంటుంది. ప్రోబ్ చర్మానికి నిటారుగా ఆనాలి. పది సరైన రీడింగ్‌లు రాగానే, బయట జనం ఉంటే మరీ, ముగించేయాలనిపిస్తుంది. అక్కడే ఆగి ఐక్యూఆర్ (రీడింగ్‌ల మధ్య తేడా ఎంతో చెప్పే అంకె) చూడాలి. సీఏపీకి అది 40 దాటితే నేను చోటు మార్చి మళ్ళీ తీస్తాను. చర్మం నుంచి లివర్‌కి దూరం 25 మిల్లీమీటర్లు దాటితే ఇంకా లోతుకి కొలిచే ఎక్స్‌ఎల్ ప్రోబ్ పెట్టాల్సిందే.

కనీసం 3 గంటలు ఏమీ తినకుండా రావాలి. "అన్నం తినలేదు మేడమ్, రెండు ఇడ్లీలే" అంటారు. ఇడ్లీ తిన్నా లివర్‌కి రక్తప్రవాహం పెరిగి గట్టిదనం రీడింగ్ ఎక్కువగా వస్తుంది. మొహమాటపడకుండా ఆగమని చెబుతాను.

నాకు నచ్చనిది కటాఫ్‌ల గందరగోళం, అంటే సీఏపీ ఎంత దాటితే కొవ్వు ఏ దశలో ఉన్నట్టో చెప్పే అంకెలు. 2017లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ మూడు దశలకి 248, 268, 280 అంది. 2019లో బ్రిటన్ అధ్యయనం 302, 331, 337 అంది. అంటే 290 వస్తే ఒక లెక్కలో మూడో దశ, ఇంకో లెక్కలో మొదటి దశ కూడా కాదు! "పోయినసారి 285, ఇప్పుడు 300, పెరిగిందా?" అని టెన్షన్‌గా అడిగేవాళ్ళకి, అంత చిన్న తేడాతో ఏమీ తేల్చలేమని చెబుతాను. కొద్దికొద్ది మార్పులు పట్టాలంటే ఎమ్మారై మెరుగు, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ.

మళ్ళీ స్కాన్‌కి వెళ్లేటప్పుడు పాత రిపోర్టు వెంట తీసుకెళ్లండి. అందులో ఏ ప్రోబ్ వాడారో చూపించి, వీలైతే అదే ప్రోబ్‌తో తీయమనండి.