నాలుగో తీగతో ఐదేళ్లు: ఒక గిటారిస్టు చేతిలో కాన్సర్ట్ యుకులేలే

ఇరవై ఏళ్లకు పైగా స్టీలు తీగల గిటార్ వాయించిన తరువాత, 2020 జనవరిలో, విశాఖపట్నం ద్వారకానగర్‌లోని ఒక వాద్యాల దుకాణంలో ఐదు వేల రూపాయల లోపు ధరకు ఒక కాన్సర్ట్ సైజు యుకులేలే (గిటార్‌లాంటి, నాలుగు తీగల చిన్న హవాయి వాద్యం) కొన్నాను. కొనడానికి కారణం సంగీతపరమైనదేమీ కాదు. ఎంవీపీ కాలనీలో మేముండే అపార్ట్‌మెంటులో రాత్రి పది దాటాక గిటార్ తీస్తే, పక్క ఫ్లాటువారు మర్యాదగానే అయినా మరునాడు పొద్దున్న మెట్ల దగ్గర ఆ మాట ఎత్తేవారు. ఆఫీసు నుంచి ఇల్లు చేరి, భోజనం ముగించి, నేను వాయించుకోవడానికి దొరికేది ఆ వేళే. వాద్యం చిన్నది, శబ్దమూ చిన్నది, గిటార్ వచ్చినవాడు కొత్తగా నేర్చుకోవలసింది అందులో ఏమీ ఉండదు అని లెక్క వేసుకున్నాను. మొదటి రెండూ నిజమే అయ్యాయి. మూడోది తప్పింది. దాన్ని తప్పించినది ఆ వాద్యం మీది నాలుగో తీగ. అందుకే ఈ సమీక్షలో చెక్క గురించి, ధర గురించి కంటే ఆ ఒక్క తీగ గురించి ఎక్కువగా రాయవలసి వస్తోంది.

గిటారిస్టుకు మొదటి వారం చాలా సుఖంగా గడుస్తుంది. గిటార్ మీది కింది నాలుగు తీగలు డి, జి, బి, ఇ. ఐదో ఫ్రెట్ (మెడ మీది అడ్డపట్టీ) దగ్గర కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) బిగిస్తే అవే జి, సి, ఇ, ఎ అవుతాయి. యుకులేలే తీగల పేర్లు కూడా, నాలుగో తీగ నుంచి మొదటిదాకా, సరిగ్గా అవే. కాబట్టి వేళ్లకు అలవాటైన ఆకారాలన్నీ అక్కడ పనికివస్తాయి, పేర్లు మాత్రం మారతాయి. గిటార్ డి కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) ఆకారం ఇక్కడ జి అవుతుంది, ఎ ఆకారం డి అవుతుంది, ఎ మైనర్ ఆకారం డి మైనర్ అవుతుంది. గిటార్ మీద వేళ్లన్నీ చాపి పట్టుకునే జి కార్డ్ ఇక్కడ ఒకే వేలితో, మొదటి తీగ మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే, సి కార్డ్ అవుతుంది. ఈ సౌఖ్యానికి ఒక్క మినహాయింపు ఉంది: గిటార్ నేర్చుకునేవారిని ఏడిపించే బి కార్డ్, యుకులేలే మీద ఇ కార్డ్ వేషంలో తిరిగి వస్తుంది. నాలుగో ఫ్రెట్‌లో మూడు వేళ్లు పక్కపక్కన ఇరికించాలి. కాన్సర్ట్ సైజులో ఆ ఫ్రెట్ వెడల్పు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఐదేళ్లయినా నేను ఆ కార్డ్‌ను శుభ్రంగా పట్టేది పదిసార్లలో ఏడుసార్లే.

రెండో వారంలో వేలివాయింపు మొదలుపెట్టాను, అక్కడ దారి మూసుకుపోయింది. గిటార్‌లో గడ్డం వైపు నుంచి కిందికి వస్తున్నకొద్దీ తీగల స్థాయి పెరుగుతుంది. బొటనవేలు పైనున్న లావు తీగల మీద మంద్రాన్ని నడుపుతుంటే మిగిలిన వేళ్లు పాటను నడుపుతాయి. యుకులేలే నాలుగో తీగ గడ్డానికి దగ్గరగా, బొటనవేలి కిందే ఉంటుంది కాని, దాని స్వరం మంద్రం కాదు. అన్నిటికంటే పైస్థాయిలో పలికే ఎ తీగకు అది రెండే ఫ్రెట్ల దూరంలో ఉంటుంది. అత్యంత కింది స్వరం దాని పక్కనున్న మూడో తీగది. అంటే నా బొటనవేలు ఇరవై ఏళ్ల అలవాటుతో మంద్రం అనుకుని మీటిన ప్రతిసారీ, పాట మధ్యలో ఎవరో చిన్నపిల్ల గొంతు కలిపినట్లు ఒక సన్నని జి మోగేది. నా గిటార్ పాటల్లో నేను ఏవి బాగా వాయిస్తానని అనుకునేవాణ్నో, అవే ఇక్కడ ముందుగా చెడిపోయాయి.

ఈ ఏర్పాటు ఎవరో పొరపాటున చేసినది కాదని తరువాత తెలిసింది. 1879 ఆగస్టులో పోర్చుగల్‌కు చెందిన మదైరా దీవి నుంచి రావెన్స్‌క్రాగ్ అనే ఓడలో హోనొలులు చేరిన వలస కూలీలలో మాన్యుయెల్ నూనెస్, అగస్టో డియాస్, జోసె దో ఎస్పిరితో సాంతో అనే ముగ్గురు వడ్రంగులున్నారు. వారి దీవిలోని బ్రగీన్యా అనే చిన్న నాలుగు తీగల వాద్యం ఆకారాన్ని, రజావొ అనే ఐదు తీగల వాద్యం శ్రుతి పద్ధతినీ కలిపి ఒక తీగ తగ్గించుకుంటే నేటి యుకులేలే వస్తుంది. హవాయి రాజు కలాకౌవా దాన్ని ఆస్థానంలోకి తీసుకున్నాడు; 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో అంతర్జాతీయ ఎగ్జిబిషన్ తరువాత అమెరికా అంతటా పాకింది. పైస్థాయి నాలుగో తీగ ఆ రజావొ నుంచే దానితోపాటు వచ్చింది.

చరిత్ర తెలిసినంతమాత్రాన బొటనవేలు మాట వినదు. మూడో నెలలో నేను గిటారిస్టులందరూ చేసే పనే చేశాను: ఆ తీగ పీకేసి, ఒక పూర్తి స్థాయి కింద పలికే లో-జి తీగ తెప్పించి వేశాను. వెంటనే హాయిగా అనిపించింది. పాత పాటలన్నీ తిరిగి వచ్చాయి, మంద్రం వచ్చింది, బొటనవేలికి పని దొరికింది. సుమారు ఏడాదిపాటు అలాగే వాయించాను. అయితే ఆ ఏడాదిలో వాద్యం మీద నా ఆసక్తి నెమ్మదిగా సన్నగిల్లింది, కారణం తెలియడానికి కొంత కాలం పట్టింది. లో-జి వేసిన యుకులేలే అక్షరాలా ఐదో ఫ్రెట్ దగ్గర కాపో బిగించి, పైరెండు తీగలు తీసేసిన గిటారే. ఆ గిటార్ నా ఇంట్లో అప్పటికే ఉంది, దాని మంద్రం ఇంతకంటే బాగుంటుంది. పైగా సన్నని తీగల మధ్య లోహపు చుట్టు వేసిన ఆ ఒక్క తీగ మిగిలినవాటికంటే గట్టిగా మోగి, వేలు జరిపినప్పుడల్లా కీచుమనేది. 2021 వేసవిలో అది తెగిపోయినప్పుడు, ఇంట్లో ఉన్న పాత పైస్థాయి తీగనే తాత్కాలికంగా వేశాను. తరువాత మార్చలేదు.

మార్చకపోవడానికి కారణం మోహన రాగం. మా మేనకోడలు అప్పట్లో సంగీతం నేర్చుకుంటూ, ఒక సాయంత్రం మోహనంలో పిల్లలకు మొదట చెప్పే గీతం పాడుతూ, "మావయ్యా, దీని మీద వాయించవా?" అని అడిగింది. సి తీగను షడ్జంగా పెట్టుకుని వెతికితే నాకు ఆశ్చర్యం వేసింది. ఖాళీ తీగలు నాలుగూ వరుసగా పంచమం, షడ్జం, అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం. మోహనంలోని ఐదు స్వరాలలో నాలుగు, ఏ వేలూ పెట్టకుండానే అక్కడ సిద్ధంగా ఉన్నాయి. లోపించిన రిషభం మూడో తీగ రెండో ఫ్రెట్ దగ్గర దొరుకుతుంది. ఆరోహణ ఇలా నడుస్తుంది: మూడో తీగ ఖాళీగా స, అదే తీగ మీద రి, రెండో తీగ ఖాళీగా గ, అక్కడి నుంచి ఎగిరి నాలుగో తీగ ఖాళీగా ప, మళ్లీ మొదటి తీగకు దిగి ద, అక్కడే మూడో ఫ్రెట్ దగ్గర తారషడ్జం. ఒక స్వరం ఆగకముందే రెండోది వేరొక తీగ మీద మొదలవుతుంది కాబట్టి స్వరాలు ఒకదాని మీద ఒకటి పరుచుకుని, గుడిలో చిన్న గంటల వరుసను చేత్తో నిమిరినట్లు వినిపిస్తుంది. బరోక్ కాలపు గిటార్ వాయించేవారు ఈ పద్ధతినే కాంపనెల్లా అన్నారు. ఆ మాటకు అర్థం కూడా చిన్న గంట అనే. లో-జి వేసిన ఏడాదిలో ఇది నాకు కనిపించకుండా పోవడం సహజమే, ఎందుకంటే గాంధారానికీ ధైవతానికీ మధ్య ఖాళీగా నిలిచే పంచమాన్ని నేను చేతులారా కింది స్థాయికి తోసేశాను.

అప్పటి నుంచి నా బొటనవేలు చేసే పని మారింది. మంద్రం నడపడం మాని, వీణ మీది పక్క తీగలను చిటికెన వేలు మీటినట్లు, నాలుగో తీగను మధ్యమధ్య పంచమంగా తాకి వదులుతుంది. బొబ్బిలి వీణలు చెక్కే గొల్లపల్లికి నేను ఒకసారి వెళ్లాను. ఒకే పనస దుంగను తొలిచి చేసే ఆ వాద్యానికీ అర కిలో బరువుండే నా ప్లైవుడ్ పెట్టెకూ పోలిక పెట్టడం సాహసమని తెలుసు. చేతి అలవాటు వరకే ఆ పోలిక.

ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. కర్ణాటక సంగీతం వాయించాలనే ఆశతో యుకులేలే కొనవద్దు. స్వరం పలుకుతుంది, గమకం పలకదు. నైలాన్ తీగ మెత్తగా సాగేది కావడంతో ఎంత లాగినా స్వరం కొద్దిగానే పైకి జరుగుతుంది. మీటిన ధ్వని రెండు మూడు సెకన్లలో ఆరిపోతుంది కాబట్టి ఒకే మీటులో రెండు మూడు స్వరాలు జారుగా పలికించడానికి వ్యవధి చాలదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ చిన్న వాద్యం మీదే సర్వమూ పలికించలేదా అని కొందరు మిత్రులు అడిగారు. ఆయన వాయించినది జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేసిన ఎలక్ట్రిక్ మాండలిన్. ధ్వనిని నిలబెట్టడానికి విద్యుత్తు ఉంది, దానికి తోడు ఆయన చేతులున్నాయి. మోహనం, హంసధ్వని వంటి రాగాలలో సరళమైన గీతాల వరకు యుకులేలే ఒప్పుకుంటుంది. గమకాల మీదే నడిచే తోడి ఎత్తుకుంటే నవ్వులపాలవుతాము.

సైజు విషయం త్వరగా చెప్పేస్తాను. సొప్రానో తీగ పొడవు సుమారు 13 అంగుళాలు, కాన్సర్ట్ 15, టెనర్ 17. గిటార్ 25 దాటి ఉంటుంది. లావు వేళ్లున్న గిటారిస్టు సొప్రానో జోలికి పోకపోవడమే మంచిది. బారిటోన్ సైజు యుకులేలేను సాధారణంగా గిటార్ కింది తీగల్లాగే డి, జి, బి, ఇ అని శ్రుతి చేస్తారు కనుక, పైన చెప్పిన ఆనందం కోసం వెళ్లేవారికి అది పనికిరాదు. కుడిచేతికి పిక్ (మీటే బిళ్ల) వద్దు. చూపుడువేలి గోరుతో, తీగల మీద రంధ్రం దగ్గర కాకుండా మెడ, పెట్టె కలిసే చోట మీటితే ధ్వని గుండ్రంగా వస్తుంది. ఈ చిన్న మార్పు నాకు ఆరు నెలల దాకా ఎవరూ చెప్పలేదు.

విశాఖ గాలి గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే సముద్రానికి కిలోమీటరు దూరంలో ఏ వాద్యానికైనా అసలు పరీక్ష అదే. నా గిటార్ మీది స్టీలు తీగలు వానాకాలంలో మూడు వారాలకే నల్లబడి వేలికి గరగరలాడతాయి. నైలాన్ తీగలకు తుప్పు భయం లేదు. ఐదేళ్లలో మొత్తం సెట్టు నాలుగుసార్లే మార్చాను. కొత్త తీగలు మాత్రం మొదటి వారం, పది రోజులు సాగుతూనే ఉంటాయి, పూటకు పదిసార్లు శ్రుతి చేసుకోవలసిందే. తీగలకు పట్టని తుప్పు బిరడాల పళ్లకూ, వాటి మరలకూ పట్టింది. రెండో ఏడాదికి ఒక బిరడా తిరగడం మానేసింది, కుట్టుమిషను నూనె చుక్క వేసి దారికి తెచ్చాను. పెట్టె ప్లైవుడ్‌ది కావడం ఇక్కడ లాభమే అయింది. ఒక మిత్రుడు తన ఘనచెక్క టెనర్‌ను మూడు నెలలు నా దగ్గర ఉంచాడు. ధ్వనిలో నా దానికీ దానికీ పోలికే లేదు, నిండుగా, లోతుగా పలికింది. అయితే ఆగస్టు నాటికి పైపలక తేమకు ఉబ్బి, తీగలు ఫ్రెట్ల నుంచి ఎత్తుకు లేచి, పైఫ్రెట్ల దగ్గర అపశ్రుతి మొదలైంది. ఏసీ గదిలో, పెట్టెలో సిలికా పొట్లాలు పెట్టి జాగ్రత్త చేయగలిగినవారు దాన్ని కొనవచ్చు. గోడకు తగిలించి, చెయ్యి తీరినప్పుడు తీసి వాయించుకునే నాబోటి వారికి బీచ్ రోడ్డు చుట్టుపక్కల ప్లైవుడ్డే మేలు.

నేను కొన్న వాద్యంలో ఒక లోపం మొదటి నుంచీ ఉంది, దాన్ని నేను ఆలస్యంగా గుర్తించాను. నట్‌లో (మెడ చివర తీగలు ఆనే సన్నని పట్టీలో) తీగలు కూర్చునే గాడులు తగినంత లోతుగా కోయలేదు. ఖాళీ తీగలు సరిగ్గా శ్రుతిలో ఉన్నా, మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కితే తీగ ఎక్కువగా సాగి స్వరం పైకి జారేది; ఎ కార్డ్, ఎఫ్ కార్డ్ ఎప్పుడూ కొంచెం పుల్లగా వినిపించేవి. చెవి తప్పేమో అనుకుని ఎనిమిది నెలలు బాధపడ్డాను. దుకాణంలో అడిగితే, ఈ ధరకు ఇంతేనండీ అన్నారు. చివరకు గిటార్లు బాగుచేసే ఒక పెద్దాయన సన్నని ఆకురాయితో పావుగంటలో సరిచేసి మూడు వందలు తీసుకున్నారు. చవక యుకులేలే కొనేవారు దుకాణంలోనే ట్యూనర్ పెట్టి, ఖాళీ తీగతోపాటు మొదటి ఫ్రెట్‌నూ, పన్నెండో ఫ్రెట్‌నూ చూసుకుంటే ఈ ఎనిమిది నెలలు మిగులుతాయి.

కొనేముందు గిటారిస్టు తెలుసుకోవలసిన నష్టం ఒకటి ఉంది. వరుసగా రెండు నెలలు యుకులేలే మాత్రమే వాయిస్తే వేలి కొసల కాయలు మెత్తబడతాయి. ఆ తరువాత ఒక పెళ్లి కార్యక్రమంలో స్టీలు తీగల మీద రెండు గంటలు వాయించి, మూడు రోజులు కీబోర్డు మీద టైపు చేయలేకపోయాను. ఇప్పుడు ఆదివారాలు గిటార్‌కు, మిగిలిన రాత్రులు దీనికి కేటాయించాను. పక్క ఫ్లాటువారి నుంచి ఇంతవరకు మాట రాలేదు. కిందటి నెల వారి అబ్బాయి వచ్చి, తనకు కూడా ఒకటి కావాలనీ, ఏది కొనాలో చెప్పమనీ అడిగాడు. కాన్సర్ట్ కొనమన్నాను, ప్లైవుడ్డే చాలన్నాను, గిటార్ క్లాసుకు వెళ్తున్నాడని తెలిసి, ఎంత చిరాకు వేసినా మొదటి ఏడాది నాలుగో తీగ మార్చవద్దని గట్టిగా చెప్పాను. నా సొరుగులో ఇంకా విప్పని లో-జి తీగ పొట్లం ఒకటి ఉన్న సంగతి అతనికి చెప్పలేదు.