భీమవరంలో ఆదివారం క్లాసు: మూడున్నర వేలకు ఏం దక్కింది

నేను పాలకొల్లు దగ్గర రైసు మిల్లులో లెక్కలు రాస్తాను. నలుగురిలో మాట్లాడాలంటే గొంతు పట్టేసేది, అందుకే భీమవరంలో ఆరు ఆదివారాల పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులో చేరాను.

డబ్బులు గిట్టుబాటయింది రెండో వారమే. ఒక్కొక్కరం లేచి రెండు నిమిషాలు మాట్లాడాలి, పక్కవాళ్లు ఫోన్లో రికార్డు చేస్తారు. నా వీడియో నేనే చూసుకుంటే, రెండు నిమిషాల్లో "అంటే" అని పంతొమ్మిదిసార్లు అన్నాను, చెయ్యేమో చొక్కా గుండీని వదల్లేదు. సిగ్గేసింది గానీ అది ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఇప్పుడు మాట రాకపోతే ఊరుకుంటున్నాను, అంతే.

టైమ్ మేనేజ్‌మెంట్ కింద పొమొడోరో చెప్పారు. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ కుర్రాడు చదువుకోడానికి టమాటా ఆకారం వంటింటి టైమరు పెట్టుకున్నాడట, ఇటాలియన్‌లో పొమొడోరో అంటే టమాటా, పేరు అందుకే. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. బాగానే ఉంది గానీ కోతల రోజుల్లో కాటా మీద ధాన్యం లారీ నిలబడి డ్రైవరు హారన్ కొడుతుంటే "ఆగు బాబూ, ఇంకా పదకొండు నిమిషాలుంది" అంటామా? పొద్దున్నే, మిల్లు తెరవకముందు జీఎస్టీ బిల్లులకి మాత్రం వాడుతున్నాను, పనిచేస్తోంది.

ఒళ్లు మండింది ఆఖరి వారం. గంటకు పైగా అడ్వాన్స్‌డ్ కోర్సు అమ్మకమే, "ఈరోజే కడితే సగం" అంటూ. కట్టలేదు.

అయిదుకి మూడు.