విమానం మోడల్స్ కొంటున్నారా? పెట్టె మీద పేరు నమ్మి డబ్బులివ్వకండి

విజయవాడ, గుంటూరు వైపు పిల్లలకి విమానం మోడల్స్, చార్టులు కొనే తల్లిదండ్రులు ఇది ఒకసారి చదవండి. నాకు 2,400 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, మా అమ్మాయి నెల రోజుల పాటు తప్పుల్ని ఒప్పులనుకుని బట్టీ పట్టింది. నా బాధంతా దాని గురించే.

అమ్మాయి ఏడో తరగతి. విమానాలంటే ప్రాణం. గన్నవరం మీదుగా వెళ్లినప్పుడల్లా హైవే పక్కన బండి ఆపించి, దిగే విమానం రంగు చూసి ఏ కంపెనీదో చెప్పేసేది. ఈమధ్య "రంగు కాదు నాన్నా, అది ఏ రకం విమానమో గుర్తుపట్టాలి" అని పట్టు పట్టింది. అందుకే పుట్టినరోజుకి బీసెంట్ రోడ్డు దగ్గర సందులో ఉన్న ఒక బొమ్మల షాపులో పెద్ద సెట్ కొన్నాను. అందులో మూడు మెటల్ మోడల్స్: ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 777, బోయింగ్ 747. వాటితో పాటు గోడకి తగిలించే చార్టు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 1:200 స్కేల్ (అంటే అసలు విమానంలో రెండు వందల వంతు), ఒరిజినల్ డిజైన్ అని ఉంది. "ఇది చూశాక పిల్లలు ఏ విమానాన్నైనా ఇట్టే పట్టేస్తారు సార్" అన్నాడు షాపతను. నమ్మాను.

నెల తర్వాత గన్నవరం దగ్గర ఆగాం. ఏటీఆర్ 72 అనే ప్రొపెల్లర్ల విమానం ఒకటి దిగుతోంది. అమ్మాయి మొహం చిన్నబోయింది. "నాన్నా, దీని రెక్కలు పైన ఉన్నాయి. చార్టులో కింద ఉన్నాయి. నేను తప్పు నేర్చుకున్నానా?" అని అడిగింది. ఏటీఆర్‌ని గుర్తుపట్టడానికి మొట్టమొదట చూసేదే అది. రెక్కలు బాడీ పైభాగాన ఉంటాయి కాబట్టి పెద్ద ప్రొపెల్లర్లు నేలకి తగలవు. తోక ఇంగ్లీషు 'టీ' అక్షరంలా ఉంటుంది. చక్రాలు రెక్కల్లోకి పోవు, పొట్టకి రెండు పక్కలా ఉన్న ఉబ్బుల్లోకి ముడుచుకుంటాయి. మనం ఎక్కేది కూడా వెనక తలుపులోంచే. చార్టులో ఉన్నది మామూలు జెట్ బొమ్మే, దానికి ప్రొపెల్లర్లు అతికించి కింద ఏటీఆర్ అని రాశారు.

ఆ రాత్రి మోడల్స్ మూడూ డైనింగ్ టేబుల్ మీద పెట్టి, స్కేలు, టార్చి పట్టుకుని ఇద్దరం కూర్చున్నాం.

ముందు ఏ320. నిలువుగా ఉండే తోక అంచుని గోరుతో పైనుంచి కిందకి తడిమాను. బాడీని చేరే ముందు అంచు ఒక్కసారిగా విరిగి, ముందుకి పల్లంగా జారింది. ఏ320 తోక అలా ఉండదు, ఆ అంచు తిన్నగా వచ్చి బాడీలో కలుస్తుంది. ఆ విరుపు బోయింగ్ 737ది. తర్వాత ఇంజిన్ మూతి చూస్తే కింద చదునుగా నొక్కినట్టుంది. అదీ 737 గుర్తే. 737 మొదటిసారి ఎగిరింది 1967లో. అప్పటి ఇంజిన్లు సన్నగా ఉండేవి, విమానాన్ని నేలకి బాగా దగ్గరగా డిజైన్ చేశారు. తర్వాత లావు ఇంజిన్లు వచ్చేసరికి కింద చోటు చాల్లేదు. దాంతో ఇంజిన్ అడుగున ఉండే గేర్‌బాక్సు లాంటి భాగాల్ని పక్కలకి జరిపి, కవచాన్ని కింద చదును చేశారు. 1987లో ఎగిరిన ఏ320 మొదటినుంచీ కాస్త ఎత్తు కాళ్ల మీద నిలబడింది కాబట్టి దాని ఇంజిన్ మూతి గుండ్రంగానే ఉంటుంది. ముక్కు కూడా గుండ్రమే, 737ది కొంచెం కోసు. అంటే 737 అచ్చులో పోసి, రంగులేసి, ఏ320 అని స్టిక్కర్ అంటించారన్నమాట! ఈ రెండింటికీ తేడా చెప్పగలగడమే విమానాలు గుర్తుపట్టడంలో మొదటి మెట్టు. పాపం, దాన్నే తప్పుగా నేర్పారు.

777కి ఒక్కో పక్క చక్రాలు లెక్కపెట్టమన్నాను. "నాలుగు" అంది. నిజం విమానానికి ఆరుంటాయి, జతకి రెండు చొప్పున మూడు జతలు. రెండే ఇంజిన్ల మీద ఎగిరే అంత బరువైన విమానం రన్‌వే మీద ఆ బరువుని పంచాలంటే అన్ని కావాలి. 777ని పట్టిచ్చే ముఖ్యమైన గుర్తుల్లో ఆ ఆరు చక్రాలు ఒకటి. 747కి ముందు భాగంలో గూని సరిగ్గా పెట్టారు, ఆ మాట ఒప్పుకోవాలి. కాకపోతే కింద చక్రాల గుంపులు నాలుగు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి.

ఇక స్కేలు. మూడూ సరిగ్గా 16 సెంటీమీటర్లే! ఏ320 పొడవు సుమారు 37.6 మీటర్లు, 1:200లో దాదాపు 19 సెంటీమీటర్లు రావాలి. 747-400 అయితే 70 మీటర్లు దాటుతుంది, అంటే 35 సెంటీమీటర్ల పైమాటే. 777 ఏ రకం తీసుకున్నా 31కి తగ్గదు. ఒకే సెట్‌లో, ఒకే స్కేల్ అని రాసి, చిన్న విమానం, పెద్ద విమానం ఒకే పొడవుంటే అది మోసమే. షాపులో టేపు అక్కర్లేదు, పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

చార్టులో యుద్ధ విమానాలు చూశాక ఇంకా కోపం వచ్చింది. రఫేల్ అని రాసిన బొమ్మకి కాక్‌పిట్ వెనక ఉండాల్సిన చిన్న రెక్కలు, కెనార్డులు అంటారే, అవి లేవు. వెనక ఇంజిన్ గొట్టం ఒక్కటే ఉంది. అది మిరాజ్ 2000 బొమ్మ. మన తేజస్‌కి వెనక అడ్డ తోక తగిలించారు. త్రికోణం రెక్క, వెనక అడ్డ తోక లేకపోవడం, ముందు కెనార్డులు లేకపోవడం, ఇవే కదా తేజస్ గుర్తులు! వైమానిక దళం రవాణా విమానం ఏఎన్-32కి ఇంజిన్లు రెక్క కింద వేలాడుతున్నాయి. 2024 మార్చిలో అద్దంకి దగ్గర హైవే మీద వైమానిక దళం ట్రయల్ చేసినప్పుడు ఏఎన్-32 దిగింది. అప్పుడు చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, దాని ఇంజిన్లు రెక్క పైన కూర్చుని ఉంటాయి. మన ఇంటి దగ్గర దిగిన విమానాన్ని కూడా సరిగ్గా వేయలేదు.

మర్నాడు సెట్‌ని షాపుకి తీసుకెళ్లాను. "విరగలేదు కదా సార్, రంగు పోలేదు కదా, ఇంకేంటి ప్రాబ్లం?" అన్నాడు. వేలు పెట్టి చూపిస్తే "పిల్లలాడుకునేదానికి ఇంత చూస్తారా" అన్నాడు. చూస్తారు. మా అమ్మాయి చూసింది. రిటర్న్ లేదు, ఎక్స్‌ఛేంజ్ లేదు అని తేల్చేశాడు. నా చేతిలో ఉన్నది షాపు పేరు, జీఎస్టీ నంబరు లేని ఎస్టిమేట్ చీటీ. బిల్లు అడగకపోవడం నా పొరపాటే. మీరు ఆ పొరపాటు చేయకండి. బిల్లు మీద 'బొమ్మ' అని కాకుండా మోడల్ పేరు, స్కేలు రాయించుకోండి. పేరు ఒకటి, సరుకు ఒకటి అని చూపించడానికి అదే ఆధారం. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. నా పెట్టె మీద ఎంత వెతికినా ఆ గుర్తు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. చీటీ, పెట్టె, మోడల్స్ ఫోటోలన్నీ దాచిపెట్టాను.

పోయిన వారం గుంటూరు బ్రాడీపేటలో అచ్చం అదే పెట్టె 1,600కి కనిపించింది. ఎమ్మార్పీ మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉంది. అంటే ఈ సరుకు రెండు ఊళ్లలోనూ తిరుగుతోంది. ఎర్ర పెట్టె, మూత మీద నీలాకాశంలో మూడు విమానాలు. కనిపిస్తే కొనే ముందు మూత తీయించి, 777ని తిరగేసి చక్రాలు లెక్కపెట్టండి. ఒక్కో పక్క నాలుగే ఉంటే తిరిగిచ్చేసి వచ్చేయండి.