ఆవిరి ఇంజిన్ల పాత ఫొటోలు: ఎగ్మోర్ స్కానింగ్ షాపులో ఏం అడగాలి, ఏం వద్దనాలి

చెన్నైలో పెరంబూరు, అయనావరం వైపు రైల్వేలో పనిచేసిన మన తెలుగువాళ్ల ఇళ్లలో, ఇంజిన్ ముందు వరసగా నిలబడి దిగిన గ్రూప్ ఫొటో ఒకటైనా ఉంటుంది. అది ఏ క్లాసు ఇంజినో తేలాలంటే ముందు మంచి స్కాన్ కావాలి. ఎగ్మోర్‌లోని ఈ మేడమీది షాపులో పని శుభ్రంగా చేస్తారు, తెలుగులో చెప్పినా అర్థం చేసుకుంటారు. కాకపోతే ఏమీ చెప్పకుండా ఇస్తే పెళ్లి ఫొటోల సెట్టింగుల్లోనే కానిచ్చేస్తారు.

ఆ సెట్టింగు 300 డీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు), జేపెగ్. బొగ్గు, నీళ్లు మోసే టెండర్‌తో కలిపి దాదాపు 24 మీటర్ల డబ్ల్యూపీ క్లాసు బ్రాడ్ గేజ్ ప్యాసింజర్ ఇంజిన్, ఫొటోలో 5 అంగుళాల మేర పడిందనుకోండి. మీటరుకు 62 పిక్సెళ్లే వస్తాయి. డ్రైవరుండే క్యాబ్ మీద 20 సెంటీమీటర్ల అంకె ఉంటే దానికి దక్కేది 12. అందులో 3కీ 8కీ తేడా తెలియదు. 1200 డీపీఐ అడిగితే అదే అంకెకు 50 పిక్సెళ్లు వస్తాయి. డబ్బు రెట్టింపు, రెండు రోజులు ఆలస్యం. అయినా 1200 చేయించండి.

ఫైలు, నీడల్లోని తేడాలు కూడా నిలిచే 16 బిట్ టిఫ్‌లో ఇవ్వమనండి. క్లాసును పట్టిచ్చేది చాలాసార్లు బొగ్గు మండే ఫైర్‌బాక్స్ కింద నీడలో దాగిన వెనక చక్రమే. డబ్ల్యూజీ క్లాసు గూడ్స్ ఇంజిన్ 2-8-2. ముందు చిన్న చక్రాలు, మధ్య పెద్ద చక్రాలు, వెనక చిన్న చక్రాలు ఎన్నో చెప్పే లెక్క ఇది, అంటే ఒక పక్క నుంచి చూస్తే 1, 4, 1 చక్రాలు. జేపెగ్‌లో ఆ నీడ నల్లముద్దయి చివరి చక్రం మాయమైతే, అది పాత హెచ్‌జీఎస్ 2-8-0గా లెక్కకొస్తుంది. ఎక్స్‌బీ క్లాసు 4-6-2 కూడా ఇలాగే హెచ్‌పీఎస్ క్లాసు 4-6-0 అయిపోతుంది. టిఫ్‌లో నీడను తేలిక చేసి చూస్తే చక్రం అంచు బయటపడుతుంది. డబ్ల్యూపీకి ఈ బాధ లేదు, ఉబ్బెత్తు ముక్కు చూడగానే తెలిసిపోతుంది. ఇది 1947లో వచ్చింది కాబట్టి ఫొటో అంతకు ముందుది కాదనీ తేలుతుంది. అప్పట్లో ఎగ్మోర్ మీటర్ గేజ్ స్టేషన్. ఆ ప్లాట్‌ఫాం మీద నిలబడిన 4-6-2 మీటర్ గేజ్ వైపీ కావచ్చు, బ్రాడ్ గేజ్ డబ్ల్యూపీ మాత్రం కాదు.

ఈ షాపులో అసలు తప్పు నెగెటివ్‌ల దగ్గర జరుగుతోంది. దుమ్ము తీసే డిజిటల్ ఐస్‌ను నలుపు తెలుపు ఫిల్మ్‌కు కూడా ఆన్‌లో ఉంచేస్తున్నారు. అది ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో దుమ్మును వెతుకుతుంది. ఫిల్మ్‌లోని వెండి ఆ వెలుగును అడ్డుకోవడంతో బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది. చక్రాల ఆకులు, కనెక్టింగ్ రాడ్లు అలికినట్టవుతాయి. ఐస్ ఆపమని, షార్పెనింగ్ వద్దని కవరు మీద రాసివ్వండి.

ఆల్బమ్‌కు అతికిన ఫొటోలను పీకనివ్వకండి. వాళ్ల దగ్గర స్టాండు ఉంది. రెండు పక్కలా 45 డిగ్రీల్లో లైట్లు పెట్టి పేజీని పేజీగానే తీస్తారు, ఆ పని చక్కగా చేస్తారు. విడి ఫొటోలకు వెనకవైపు కూడా తీయమనండి. పెన్సిల్‌తో రాసిన తేదీ, స్టూడియో ముద్ర అక్కడే దొరుకుతాయి. టెండర్ మీద ఎం అండ్ ఎస్ఎం (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే) అని ఉంటే, దక్షిణ రైల్వే ఏర్పడిన 1951 ఏప్రిల్ 14కు ముందుది కావచ్చు. కానీ పాత రంగు వర్క్‌షాపుకు వెళ్లేదాకా అలాగే ఉండిపోతుంది కాబట్టి అదొక్కటే చూసి తేల్చకండి.

డబ్బు కట్టేముందు వాళ్ల మానిటర్ మీదే 100 శాతం జూమ్‌లో క్యాబ్ నంబరు, వెనక చక్రం చూడండి. నెగెటివ్ తిరగేసి పెట్టి ఉంటే అక్షరాలు అద్దంలోలా కనిపిస్తాయి. అడిగితే అక్కడికక్కడే మళ్లీ తీసిస్తారు.