పెట్టె మీద ‘మెరైన్’, లోపల కారు క్యామ్‌షాఫ్ట్: కొనేవారికి హెచ్చరిక

బోటు ఇంజిన్ శక్తి పెంచే భాగాల కోసం ఆన్‌లైన్‌లో వెతికేవారిలో నన్ను మోసగించిన విక్రేతను ఎరగనివారు తక్కువే కనుక పరిచయం అక్కరలేదు. ‘మెరైన్ పెర్ఫార్మెన్స్ కిట్’ అంటూ క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచి మూసే షాఫ్ట్), లిఫ్టర్లు (ఆ కదలికను వాల్వులకు అందించేవి), స్టార్టర్, ఫ్యూయల్ పంపు కలిపి అమ్మేది ఆయనే. నాకు వచ్చిన కిట్‌లో క్యామ్‌షాఫ్ట్ మెరైన్‌ది కాదు, స్టార్టర్ మెరైన్‌ది కాదు, పంపూ కాదు. అందులో సముద్రానికి సంబంధించినదంటూ ఏదైనా ఉంటే అది అట్టపెట్టె మీద అచ్చువేసిన లంగరు బొమ్మ ఒక్కటే. కోపం చల్లారాక తీరిగ్గా రాయవచ్చు గానీ, ఈలోగా మరొకరు ఆయనకు డబ్బు పంపుతారేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

నా ఇంజిన్ షెవ్రోలె 454 బిగ్ బ్లాక్, అంటే 7.4 లీటర్లది, పాత మార్క్ ఫోర్ తరానిది. ఎగ్జాస్ట్ రైజర్ దగ్గరే చల్లబరిచే నీరు పొగలో కలిసే తడి ఎగ్జాస్ట్ దానికి ఉంది. ఈ రెండు సంగతులూ ఆర్డరు పెట్టకముందే రాసి పంపి, లోబ్ సెపరేషన్, అంటే క్యామ్‌షాఫ్ట్ మీద వాల్వులను నెట్టే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబుల (ఉబ్బుల) శిఖరాల మధ్య కోణం, ఎంత ఉంటుందని అడిగాను. ‘114 డిగ్రీలు, తడి ఎగ్జాస్ట్‌కు పూర్తిగా సురక్షితం’ అని రాతపూర్వకంగా జవాబు వచ్చింది. ఇంత స్పష్టంగా జవాబిచ్చే వ్యాపారి దొరికాడని మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే నవ్వొస్తోంది.

ఆ ఒక్క అంకె మీద అంత పట్టింపు ఎందుకో కొత్తగా ఇంజిన్ కట్టుకునేవారి కోసం చెప్పాలి. పొగ పోయే ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూతపడకముందే గాలి, ఇంధనం వచ్చే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకోవడం మొదలవుతుంది కనుక రెండూ కాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. ఓవర్‌ల్యాప్ అనేది దీన్నే. వేగం పెరిగినప్పుడు సిలిండర్ బాగా నిండడానికి అది సాయపడుతుంది. ఐడిల్‌లో, అంటే ఇంజిన్ అతి తక్కువ వేగంతో తిరిగేటప్పుడు, మాత్రం ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని వాక్యూమ్ ఎగ్జాస్ట్‌ను వెనక్కి లాగుతుంది. కారులో అలా వెనక్కి వచ్చేది ఒట్టి పొగ. ఇంజిన్ కాస్త ఊగుతుంది, గుర్రుమంటుంది, ఆ చప్పుడే ముద్దనేవారూ ఉన్నారు. బోటులో ఆ పొగ వెంట నీటి తుంపర్లు కూడా సిలిండర్ వైపు వస్తాయి. ముందు వాల్వులూ వాటి సీట్లూ తుప్పు పడతాయి, తర్వాత రింగుల వంతు, సిలిండర్ గోడల వంతు. నీరు మరీ ఎక్కువగా చేరితే, అది నొక్కితే కుదించుకునే పదార్థం కాదు కనుక, పిస్టన్ పైకి వచ్చే సమయానికి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. పైగా బోటు రేవులో మెల్లగా కదిలేదంతా ఈ ఐడిల్ మీదనే. లోబ్ సెపరేషన్ పెరిగితే ఓవర్‌ల్యాప్ తగ్గుతుంది. అందువల్లనే తడి ఎగ్జాస్ట్ ఉన్న ఇంజిన్లకు లోబ్ సెపరేషన్ 112 నుంచి 114 డిగ్రీల వరకు, ఒక్కొక్కసారి అంతకన్నా ఎక్కువగా కూడా ఉంచుతారు.

టైమింగ్ గేర్ల మీది చుక్కలు కలిశాయి కదా అని వదిలేసే అలవాటు నాకు లేదు. పిస్టన్ స్టాప్‌తో టాప్ డెడ్ సెంటర్ (పిస్టన్ అన్నిటికన్నా పైకి చేరే స్థానం) గుర్తించి, క్రాంక్‌షాఫ్ట్‌కు డిగ్రీ వీల్ (కోణాల గుర్తులున్న చక్రం) బిగించి, మొదటి సిలిండర్ లిఫ్టర్ మీద డయల్ ఇండికేటర్ నిలిపి, గరిష్ఠ లిఫ్ట్‌కు 50 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు యాభై) తక్కువ వద్ద అటూ ఇటూ రీడింగులు తీసుకుని మధ్య బిందువును లెక్కగట్టాను. ఇన్‌టేక్ సెంటర్‌లైన్ (లోబ్ శిఖరం వచ్చే కోణం) టాప్ డెడ్ సెంటర్ తర్వాత 104 డిగ్రీల వద్ద, ఎగ్జాస్ట్ సెంటర్‌లైన్ టాప్ డెడ్ సెంటర్‌కు ముందు 112 డిగ్రీల వద్ద తేలాయి. రెండూ కలిపి సగం చేస్తే 108 వస్తుంది, 114 రాదు. పొరపాటు నా కొలతలోనే ఉందేమోనని అన్నీ విప్పి మొదటి నుంచి కొలిచాను, మరో సిలిండర్ మీద కూడా చూశాను, అంకె మారలేదు. డ్యూరేషన్ (వాల్వు తెరిచి ఉండే కోణం) మాత్రం వారి కాగితంలో ఉన్నట్టే రెండు వాల్వులకూ 280 డిగ్రీలు ఉంది. ఆ డ్యూరేషన్‌తో లోబ్ సెపరేషన్ 114 అయితే ఓవర్‌ల్యాప్ 52 డిగ్రీలు, 108 అయితే 64 డిగ్రీలు. రోడ్డు మీద పరుగుపందేలకు ఆ షాఫ్ట్ బ్రహ్మాండంగా ఉండవచ్చు, నాకు దానితో పేచీ లేదు.

అంతవరకు నా అనుమానం ఒక్కటే: పొరపాటున వేరే షాఫ్ట్ పెట్టి ఉంటారు, చెబితే మార్చి పంపుతారు. అలా అనుకుంటూనే దాన్ని బయటికి తీసి చూశాను. తయారీదారులు గ్రైండ్ నంబరును, అంటే లోబులను ఏ ఆకారంలో గ్రైండ్ చేశారో తెలిపే సంకేతాన్ని, సాధారణంగా షాఫ్ట్ చివరి ముఖం మీద చెక్కుతారు. ఆ చోట దట్టంగా నల్లరంగు పూసి ఉంది. థిన్నర్‌లో ముంచిన గుడ్డతో రుద్దితే రంగు పోయి, నంబరు ఉండవలసిన చోట గ్రైండర్ పెట్టి అరగదీసిన గీతలు, వాటి అంచున సగం మాత్రమే మిగిలిన ఒక అంకె కనిపించాయి. పొరపాటున వేరే షాఫ్ట్ పంపేవాడు నంబరు అరగదీసి, దాని మీద రంగు పూసి, ఆరబెట్టి మరీ పంపడు.

విక్రేతకు ఫోను చేశాను. మొదట చాలా మర్యాదగా మాట్లాడారు. 108 అన్న మాట వినగానే గొంతు మారింది. “సార్, మీరు చదువుకున్నవారిలా ఉన్నారు, ఇంత చిన్న లెక్క తెలియదా? ఆరు డిగ్రీలు రిటార్డ్ చేసి బిగించుకోండి. 108కి ఆరు కలిపితే ఎంత? 114 కదా!” అని, పక్కనున్న వారెవరికో వినిపించేలా నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో గింగురుమంటూనే ఉంది. డబ్బు పోయినందుకు కాదు, ఆ కూడిక చెప్పి నన్ను నోరు మూయించవచ్చని ఆయన అనుకున్నందుకు ఒళ్లు మండింది.

ఆయన కూడికను ఒకసారి మనమూ చేసి చూద్దాం. షాఫ్ట్‌ను ఆరు డిగ్రీలు రిటార్డ్ చేస్తే, అంటే క్రాంక్‌షాఫ్ట్‌తో పోలిస్తే అంత ఆలస్యంగా తిరిగేలా బిగిస్తే, ఇన్‌టేక్ సెంటర్‌లైన్ 104 నుంచి 110కి వెళుతుంది, నిజమే. అదే కదలికతో ఎగ్జాస్ట్ సెంటర్‌లైన్ 112 నుంచి 106కి దిగుతుంది. 110, 106 కలిపి సగం చేస్తే మళ్లీ 108 దగ్గరికే వస్తాం. రెండు లోబుల మధ్య దూరం షాఫ్ట్‌ను గ్రైండ్ చేసిన రోజే నిర్ణయమైపోతుంది. గేరును ఎటు తిప్పినా రెండు లోబులూ కలిసే కదులుతాయి తప్ప ఒకదానికొకటి దూరం జరగవు. ఓవర్‌ల్యాప్ 64 డిగ్రీలు 64గానే ఉంటుంది. క్యామ్‌షాఫ్ట్‌లు అమ్మి బతికే మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను. తెలిసే చెప్పారు, ఎదుటివాడికి తెలియదన్న ధీమాతో చెప్పారు.

అరగదీసిన నంబరు మాటెత్తితే, అది తమ రహస్య గ్రైండ్ అనీ, పోటీదారులు కాపీ కొట్టకుండా అలా చేస్తామనీ సెలవిచ్చారు. కొన్నవాడికి కూడా తెలియనివ్వనంత గొప్ప రహస్యం! ఇక వాపసు సంగతి అడిగితే, ఆయిల్ గానీ అసెంబ్లీ ల్యూబ్ (బిగించేటప్పుడు పూసే జిడ్డు) గానీ తగిలిన భాగాన్ని వెనక్కి తీసుకోవడం తమ నియమాల్లో లేదన్నారు. ల్యూబ్ పూసి బ్లాకులో అమర్చితే తప్ప కొలవలేం, కొలిస్తే తప్ప మోసం తెలియదు, కొలిచినవాడికి వాపసు లేదు. ఇంత పకడ్బందీగా నియమం రాసుకున్నవారు ఆ శ్రద్ధలో కొంత సరుకు మీద పెట్టి ఉంటే ఈ మాటలు రాసే పని నాకు ఉండేది కాదు. రాతపూర్వకంగా ఇచ్చిన 114 అన్న జవాబును చదివి వినిపించాను. “అది మా కుర్రాడు రాశాడు” అని ఫోను పెట్టేశారు.

ఆ తర్వాత అనుమానంతో మిగతా భాగాలు చూశాను. స్టార్టర్ మీద ఇగ్నిషన్ ప్రొటెక్షన్ గుర్తు లేదు, దానికి సంబంధించిన ఎస్‌ఏఈ జె1171 ప్రమాణం ప్రస్తావన లేదు, కొత్త రంగు మాత్రం ఉంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కనుక బోటు అడుగున బిల్జ్‌లో పేరుకుంటుంది. మామూలు కారు స్టార్టర్‌లో లేచే నిప్పురవ్వ దానికి చాలు. మెరైన్ స్టార్టర్‌ను లోపలి రవ్వ బయటి ఆవిరిని అంటించకుండా కట్టడం అందుకే. ఫ్యూయల్ పంపుకు డయాఫ్రమ్ (లోపలి సాగే పొర) చిరిగితే కారే పెట్రోలును కార్బ్యురేటర్ వైపు మళ్లించే పారదర్శక గొట్టం ఉండాలి. దీనికి ఆ గొట్టమూ లేదు, అది తగిలించే చోటూ లేదు. క్యామ్‌షాఫ్ట్ నా ఇంజిన్‌ను పాడుచేసేది, ఈ రెండూ మనుషులనే కాల్చేవి.

కొనదలచినవారు డబ్బు పంపకముందే గ్రైండ్ నంబరు కనిపించేలా షాఫ్ట్ చివరి ముఖం ఫోటో, తయారీదారు అచ్చువేసిన క్యామ్ కార్డు (షాఫ్ట్ కొలతల పట్టిక) ఫోటో అడగండి. ఆ నంబరును తయారీదారు జాబితాలో మీరే సరిచూసుకోండి. విక్రేత సొంతంగా టైపు చేసిన కాగితాన్ని లెక్కలోకి తీసుకోకండి. కొలిచి చూశాక వాపసు తీసుకుంటారో లేదో కూడా ముందే రాయించుకోండి. పొడి హెడర్లు (నీరు కలవని ఎగ్జాస్ట్ పైపులు) వాడి, నీటిని పైపు చివర మాత్రమే కలిపే ఏర్పాటు ఉన్నవారికి లోబ్ సెపరేషన్ విషయంలో కొంత వెసులుబాటు ఉంటుంది. ఈ కిట్ ఇప్పటికే బిగించుకున్నవారు ఉంటే మాత్రం, క్యామ్‌షాఫ్ట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు బ్యాటరీ తీగ విప్పేసి స్టార్టర్ మీద గుర్తు వెతకండి, గుర్తు లేకపోతే దాన్ని మార్చేదాకా తాళం తిప్పకండి.