డీసీఎస్ వాయిస్ కిట్ కొనబోతున్నారా? ముందు ఇది చూడండి

యుద్ధవిమానాలు నడిపే కంప్యూటర్ ఆట డీసీఎస్ వరల్డ్ ఆడేవాళ్ళకు నోటిమాటతో విమానం నడిపించే కిట్ అంటూ ఒక బ్లూటూత్ హెడ్‌సెట్, వాయిస్‌అటాక్ (మాట వింటే కీ నొక్కే ప్రోగ్రామ్) ప్రొఫైల్, ఇన్‌స్టాలర్ కలిపి అమ్ముతున్నారు. అన్ని విమానాలకూ పనిచేస్తుందని, తెలుగులో చెప్పినా వింటుందని, సెట్టింగులేవీ మార్చక్కర్లేదని చెబుతున్నారు. ఈ మూడింట్లో ఒక్కటీ నిజం కాదు. అమ్మేవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే సరుకు ఇంకెవరి దగ్గర కొన్నా ఇవే తిప్పలు.

వాయిస్‌అటాక్‌కి విమానం గురించి ఏమీ తెలియదు. మీరన్న మాటను విండోస్ స్పీచ్ ఇంజిన్ గుర్తుపడుతుంది, ఆ మాటకు ప్రొఫైల్‌లో ఏ కీ రాసి ఉంటే వాయిస్‌అటాక్ ఆ కీ నొక్కుతుంది. అంతే. కాబట్టి మీరు కొంటున్నది అమ్మినవాళ్ళ కీబోర్డు అలవాట్లను. డీసీఎస్‌లో ప్రతి విమానానికీ కీ బైండింగులు, అంటే ఏ పనికి ఏ కీ అన్నది, వేరు. హార్నెట్ విమానం కోసం రాసిన ప్రొఫైల్‌ని ఏ-10లో వాడితే సగం మాటలకు ఏమీ జరగదు, మిగతా సగానికి వేరే స్విచ్ పడుతుంది. మీరు జాయ్‌స్టిక్ కొన్నాక కీలు మార్చుకుని ఉంటే ఇంకా ఘోరం.

ఈ ప్రొఫైల్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ల్యాండింగ్ గేర్ కమాండ్. గేర్ దించమన్నా, ఎత్తమన్నా ఒకే జీ కీ పెట్టారు. జీ కీ టాగుల్: చక్రాలు కిందుంటే ఎత్తేస్తుంది, పైనుంటే దించుతుంది. రన్‌వేకి దగ్గరవుతూ అనుమానం కొద్దీ రెండోసారి గేర్ డౌన్ అన్నారంటే దిగిన చక్రాలు మళ్ళీ లోపలికి పోతాయి. కంట్రోల్స్‌లో గేర్ హ్యాండిల్ అప్‌కి, డౌన్‌కి విడివిడి బైండింగులు ఉంటాయి. వాయిస్‌కి ఎప్పుడూ అవే వాడాలి. ఫ్లాప్స్, ఎయిర్‌బ్రేక్‌ల విషయంలోనూ ఇదే జాగ్రత్త.

రేడియో కమాండ్లు ఇంకో తలనొప్పి. బ్యాక్‌స్లాష్‌తో మెనూ తెరిచి, ఏటీసీకి (ఎయిర్‌ఫీల్డ్ కంట్రోల్ టవర్‌కి) ఎఫ్5, తర్వాత ఎఫ్1 అని గుడ్డిగా కీలు వరుసగా కొట్టేలా రాశారు. ఏటీసీ జాబితాలో ఎవరు ఎక్కడుంటారన్నది మిషన్‌ని బట్టి మారుతుంది కాబట్టి మీ పిలుపు వేరే ఎయిర్‌ఫీల్డ్‌కి పోవచ్చు. అసలు మెనూ తెరుచుకోకముందే ఎఫ్5 పడితే? మెనూ లేనప్పుడు ఎఫ్ కీలు కెమెరా కీలు. డాగ్‌ఫైట్ మధ్యలో వ్యూ కాక్‌పిట్ లోంచి బయటికి ఎగిరిపోతుంది. కీలన్నీ విరామం లేకుండా కొట్టడమే కారణం. ఒక్కో కీని కనీసం 0.1 సెకను నొక్కి ఉంచి, కీకీ మధ్య 0.2 నుంచి 0.3 సెకను ఆగేలా రాసుకుంటే ఈ గొడవ చాలావరకు పోతుంది. మెనూ జోలికి పోకుండా నేరుగా రేడియో కమాండ్ పంపే పద్ధతి వాయిస్‌అటాక్‌కి జోడించే వైకామ్ ప్రో ప్లగిన్‌ది. ఒకప్పుడు కొనాల్సి వచ్చేది, ఇప్పుడు దాని కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం. కిట్‌లోని ఇన్‌స్టాలర్ పెట్టేది కూడా అదే. ఉచితంగా దొరికేదానికి మీ దగ్గర డబ్బు తీసుకుంటున్నారు.

పైగా ఆ ఇన్‌స్టాలర్ సేవ్డ్ గేమ్స్ ఫోల్డర్లో, డీసీఎస్ కింద స్క్రిప్ట్స్‌లో ఉండే ఎక్స్‌పోర్ట్ డాట్ లువా ఫైల్‌ని అడగకుండా తన ఫైల్‌తో మార్చేస్తుంది. టాక్‌వ్యూ (ఆటను రికార్డు చేసి తర్వాత చూపించేది), ఎస్ఆర్ఎస్ రేడియో (తోటి ఆటగాళ్ళతో మాట్లాడుకునేది) కూడా తమ లైన్లు అందులోనే రాసుకుంటాయి. అవి చెరిగిపోతే స్నేహితులతో రేడియో ఎందుకు తెగిందో అర్థం కాక గంటలు పోతాయి. ఏది ఇన్‌స్టాల్ చేసినా ముందు ఆ స్క్రిప్ట్స్ ఫోల్డర్ మొత్తం వేరేచోట కాపీ పెట్టుకోండి.

ఇంకో పెద్ద విషయం. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమని కిట్‌తో వచ్చిన కాగితంలో ఉంది. దయచేసి ఆ పని చేయకండి. వాయిస్‌అటాక్ ప్రొఫైల్ కీలు నొక్కడంతో ఆగదు, కంప్యూటర్లో ఏ ప్రోగ్రామ్‌నైనా నడపగలదు, సీ షార్ప్ కోడ్ కూడా అందులో దాగి ఉండొచ్చు. తెలియనివాళ్ళు ఇచ్చిన ప్రొఫైల్‌ని ఇంపోర్ట్ చేశాక, వాడకముందే ఒక్కో కమాండ్‌నీ ఎడిట్‌లో తెరిచి ఏం చేస్తుందో చూడండి.

ఇక తెలుగు సంగతి. విండోస్ డెస్క్‌టాప్ స్పీచ్ రికగ్నిషన్‌లో తెలుగు లేదు. కిట్‌వాళ్ళు తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి ఇంగ్లిష్ ఇంజిన్‌కి ఇచ్చారు. చక్రాలు దించు అంటే అది తనకు తెలిసిన ఇంగ్లిష్ శబ్దాల్లో వెతుక్కుంటుంది, ఒకసారి తగులుతుంది, నాలుగుసార్లు తప్పుతుంది. మన యాసకు నిజంగా పనికొచ్చేది వేరే ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లోని స్పీచ్ రికగ్నిషన్‌లో ట్రైనింగ్ పాఠాన్ని, ఆటలో వాడే మైక్‌తోనే, రెండుమూడుసార్లు చదవండి. ఒకే కమాండ్‌కి రెండుమూడు పలుకుబడులు సెమికోలన్‌తో విడదీసి ఇవ్వండి. ఒంటి మాటలు వద్దు. ఫ్లేర్, గేర్ లాంటివి దగ్గినా, కుర్చీ కదిలినా తగులుతాయి. రెండు మూడు మాటల కమాండ్ పెట్టి, కనీస కాన్ఫిడెన్స్ విలువ (మాటను ఎంత నమ్మకంగా గుర్తుపడితే కీ నొక్కాలన్నది) పెంచండి. ఇజెక్ట్‌ని (పైలట్ విమానంలోంచి బయటపడే కమాండ్‌ని) మాత్రం వాయిస్‌కి అసలు ఇవ్వకండి.

బ్లూటూత్ హెడ్‌సెట్ కూడా ఈ పనికి తప్పు ఎంపిక. మామూలుగా మైక్ ఆన్ అయిన క్షణం హ్యాండ్స్‌ఫ్రీ మోడ్‌లోకి మారుతుంది, ఆట శబ్దం పాత ఫోన్ కాల్‌లా మోనోలో వినిపిస్తుంది, మైక్ నాణ్యతా పడిపోతుంది. మామూలు వైరు యూఎస్‌బీ హెడ్‌సెట్ చాలు. ఫోన్‌కి వచ్చే ఒంటి పిన్ హెడ్‌సెట్టే ఉంటే, మైక్‌కీ ఇయర్‌ఫోన్‌కీ విడి రంధ్రాలున్న డెస్క్‌టాప్‌కి స్ప్లిటర్ కావాలి. ఫ్యాన్ గాలి మైక్‌కి నేరుగా తగలనివ్వకండి. జాయ్‌స్టిక్ మీద ఒక బటన్‌ని వాయిస్‌అటాక్ వినడానికి కేటాయించి, అది నొక్కినప్పుడే వినేలా పెట్టండి. లేదంటే ఎస్ఆర్ఎస్‌లో తోటివాళ్ళతో అనే మాటలకూ మీ విమానం స్పందిస్తుంది.

మాట గుర్తుపట్టినట్టు వాయిస్‌అటాక్ లాగ్‌లో కనిపిస్తూనే ఆటలో ఏమీ జరగకపోతే ముందు అడ్మినిస్ట్రేటర్ సంగతి చూడండి. డీసీఎస్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి వాయిస్‌అటాక్‌ని మామూలుగా తెరిస్తే దాని కీలు ఆటకు చేరవు. రెండూ ఒకే స్థాయిలో ఉండాలి.

కొనాలనుకుంటే వాయిస్‌అటాక్‌నే నేరుగా దాని సైట్లో గానీ స్టీమ్‌లో గానీ కొనండి. కొనకముందు ఒక ప్రొఫైల్, 20 కమాండ్ల వరకు ట్రయల్ ఉంది. మీ గొంతు, మీ మైక్, మీ గదిలో పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి అది సరిపోతుంది. స్టీమ్‌లో రిఫండ్ కావాలంటే 14 రోజుల్లోపు, వాడకం 2 గంటలు దాటకముందు అడగాలి. వాయిస్‌అటాక్ వెనకాల తెరిచి ఉన్నంతసేపూ ఆ గంటలు లెక్కలోకి వస్తాయి, కాబట్టి పరీక్షించాక మూసేయండి.

కిట్ ఇప్పటికే కొన్నవాళ్ళు ఆ ప్రొఫైల్‌ని, ఇన్‌స్టాలర్ పెట్టిన ఫైళ్ళను తీసేసి, డీసీఎస్ రిపేర్ (ఆట ఫైళ్ళను సరిచేసే సాధనం) నడపండి. ఎక్స్‌పోర్ట్ ఫైల్ రిపేర్‌తో బాగుపడదు, ఎందుకంటే అది ఆట ఫోల్డర్లో ఉండదు. దాన్ని చేత్తో తొలగించి ఎస్ఆర్ఎస్, టాక్‌వ్యూలను మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలి. యాంటీవైరస్ ఆపి ఉంటే వెంటనే ఆన్ చేసి పూర్తి స్కాన్ పెట్టండి, డీసీఎస్, స్టీమ్ పాస్‌వర్డులు ఇంకో కంప్యూటర్ నుంచి మార్చండి.