ప్రింటుకు ఏ బ్రౌజర్ మేలు? క్రోమా, ఫైర్‌ఫాక్సా, ఎడ్జా?

మొన్న ఒక పొగాకు రైతు తన అడంగల్ కాగితం తిరిగి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "అబ్బయా, బ్యాంకులో ఇది పనికిరాదన్నారు. అనుభవదారు పేరు యాడుందో నువ్వే చూపించు" అన్నాడు. చూస్తే నిజంగానే లేదు. స్క్రీన్ మీద అన్ని గడులూ ఉన్నాయి, కాగితం మీదికి వచ్చేసరికి కుడివైపువి తెగిపోయాయి. తప్పు సైటుది కాదు, ప్రింటరుదీ కాదు, నాదే. బయట నలుగురు నిలబడి ఉన్నారన్న తొందరలో పేపర్ సైజు చూసుకోకుండా ఎంటర్ కొట్టేశాను.

కందుకూరులో నెట్ సెంటర్ నడిపేవాడికి కాగితాలకు కరువు లేదు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా ఊరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి మారింది. జిల్లా పేరు ఏది రాయాలని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. హాల్ టికెట్లు, అడంగళ్లు, ఆధార్లు, కరెంటు బిల్లులు రోజంతా తీస్తూనే ఉంటాను. నా దగ్గర మూడు బ్రౌజర్లూ ఉన్నాయి. ఒక్కటి చాలదని అనుభవం మీద తెలిసింది.

అయితే బ్రౌజర్ మార్చే ముందు ప్రింటర్ సంగతి చూసుకోండి. చాలా కంప్యూటర్లలో పేపర్ సైజు 'లెటర్' అని ఉండిపోతుంది. అది అమెరికా వాళ్ల కాగితం, 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడవు. మనం ట్రేలో పెట్టే ఏ4 వెడల్పు 210, పొడవు 297. అంటే లెటర్ లెక్కన పరిచిన పేజీ మన కాగితం కన్నా 6 మిల్లీమీటర్లు వెడల్పు. అంచుదాకా పరిచిన పట్టిక అయితే ఒక పక్క తెగుతుంది. విండోస్‌లో ప్రింటర్ మీద 'ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్' తెరిచి ఏ4 అని పెట్టండి. తర్వాత ఒక్కో బ్రౌజర్‌లోనూ ప్రివ్యూలో అదే ఉందో లేదో ఒకసారి చూసుకుంటే చాలు.

ఇక క్రోమ్. ఫారాలు నింపడానికి నా ఓటు దీనికే. హాల్ టికెట్ బటన్ నొక్కితే ఏమీ రావడం లేదని పిల్లలు టెన్షన్ పడుతుంటారు. అడ్రస్ బార్ కుడి చివర చిన్న గుర్తు వచ్చి ఉంటుంది, పాపప్‌ను, అంటే కొత్తగా తెరుచుకోబోయిన కిటికీని, ఆపేశామని చెప్పడానికి. దాన్ని నొక్కి అనుమతిస్తే హాల్ టికెట్ తెరుచుకుంటుంది. ప్రింటుకొచ్చేసరికి 'మోర్ సెట్టింగ్స్' తెరవకపోతే క్రోమ్‌తో సగం పనే అవుతుంది. 'బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్' టిక్ పెట్టకపోతే పట్టికలోని రంగు పట్టీలు తెల్లగా వచ్చేస్తాయి. 'హెడర్స్ అండ్ ఫుటర్స్' తీసేస్తే పైనా కిందా తేదీ, సైటు చిరునామా పడవు. బిల్లులకైతే నేను ఉంచుతాను, ఏ రోజు తీసిందో తెలుస్తుంది కాబట్టి. వెడల్పు పట్టికల దగ్గరే క్రోమ్ విసిగిస్తుంది. కొంతవరకు తనే కుదించుకుంటుంది గానీ, మరీ వెడల్పయితే స్కేల్‌లో 'కస్టమ్' పెట్టి 80, 70 అని మనమే వేసి చూసుకోవాలి.

ఫైర్‌ఫాక్స్‌లో ఆ తిప్పలు తక్కువ. స్కేల్ దగ్గర 'ఫిట్ టు పేజ్ విడ్త్' అని ఉంటుంది, పేజీ వెడల్పును కాగితానికి సరిపెడుతుంది. అడ్డ పేజీ, అంటే 'ల్యాండ్‌స్కేప్' కూడా ఎంచుకుంటే అడంగల్ లాంటివి చాలావరకు ఒద్దికగా వస్తాయి. ఒక్క మెలిక ఉంది. పేజీ లోపలే పట్టికకు అడ్డంగా జరుపుకునే పట్టీ ఉంటే, ఏ బ్రౌజరైనా కనబడుతున్నంత మేరే అచ్చేస్తుంది. అప్పుడు ఆ సైటులో పీడీఎఫ్ బటన్ ఏమైనా ఉందా అని వెతకడం, లేకపోతే పట్టికను కాపీ చేసి ఎక్సెల్‌లో పెట్టుకోవడమే.

ఫైర్‌ఫాక్స్‌లో నాకు ఇంకా నచ్చింది 'సింప్లిఫైడ్'. వార్తలు, వ్యాసాల పేజీల్లో ప్రింటు ప్రివ్యూలోనే ఈ ఎంపిక కనబడుతుంది. ప్రకటనలు, పక్క బొమ్మలు, మెనూలు పోయి అసలు విషయమే మిగులుతుంది. ఎదురింటి రిటైర్డ్ మాస్టారుకు వారానికోసారి వ్యాసాలు ఇలాగే తీసిస్తాను. ముందు 5 కాగితాలయ్యేది ఇప్పుడు 2తో సరిపోతోంది, "ఇంకులో కూడా పొదుపేరా" అంటాడాయన. అక్షరాల సైజు కూడా ఇందులో బాగా కుదురుతుంది. సెట్టింగ్స్‌లో ఫాంట్స్ దగ్గర 'అడ్వాన్స్‌డ్' నొక్కితే తెలుగుకు వేరుగా ఫాంటు, కనీస సైజు పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు చక్కగా ఉండి తెలుగు మాత్రం చిన్నగా అనిపించేవాళ్లకు పనికొస్తుంది. తెలుగు బదులు డబ్బాలు కనిపిస్తే మాత్రం బ్రౌజర్‌ను తిట్టుకోకండి, అది ఫాంటు లోటు. గౌతమి, నిర్మల యూఐ లాంటి తెలుగు ఫాంటు విండోస్‌లో ఉందో లేదో చూసుకోండి.

మూలన ఉన్న పాత విండోస్ 7 కంప్యూటర్‌కు కూడా ఫైర్‌ఫాక్సే ఆధారమైంది. దానికి క్రోమ్ 109తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్‌కు, అంటే ఎక్కువ కాలం అప్‌డేట్లు ఇచ్చే రకానికి, ఆ తర్వాత కూడా భద్రతా అప్‌డేట్లు వచ్చాయి. డబ్బు కట్టే పనులు మాత్రం ఆ మిషన్ మీద నేను చేయను.

ఎడ్జ్ లోపల కూడా క్రోమ్‌కున్న ఇంజనే, ప్రింటులో పెద్ద తేడా కనబడదు. దాన్ని ఉంచుకున్నది ఒకే పనికి. 2022 జూన్ 15తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మూతబడింది కదా, దాని కోసమే రాసిన పాత సైట్లు కొన్ని వేరే వాటిలో సరిగా తెరుచుకోవు. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో 'డిఫాల్ట్ బ్రౌజర్' కింద ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్‌ను అనుమతించి, ఆ పేజీలను అక్కడి జాబితాలో చేర్చితే అవి తెరుచుకుంటాయి. జాబితాలో చేర్చిన పేజీ 30 రోజులే ఉంటుంది, తర్వాత మళ్లీ చేర్చాలి.

ఆధార్ పీడీఎఫ్ దగ్గర మాత్రం మూడూ పక్కకు తప్పుకోవాలి. బ్రౌజర్‌లో తెరిచి ప్రింటు తీస్తే డిజిటల్ సంతకం చోట ప్రశ్న గుర్తే పడుతుంది. ఫైలు దించుకుని అడోబీ రీడర్‌లో తెరిచి, ఆ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి 'వాలిడేట్ సిగ్నేచర్' చేసి, సర్టిఫికెట్‌ను నమ్మకమైనవాటిలో చేర్చితే ఆకుపచ్చ టిక్ వస్తుంది. ప్రింటు అప్పుడు తీయాలి.

మళ్లీ మన రైతు దగ్గరికొస్తే, ఫైర్‌ఫాక్స్‌లో అడ్డ పేజీ పెట్టి తీసిచ్చాను. అన్ని గడులూ వచ్చాయి. ఆయన కాగితాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని చూసి, "పేరుండాదిలే గానీ, అచ్చరాలు చీమలంత ఉండాయే" అన్నాడు. ఉన్న వెడల్పులోకే అంతా కుదిస్తే అంతే మరి. అలమరాలోంచి లీగల్ సైజు కాగితం తీసి ట్రేలో పెట్టాను. దాని పొడవు 356 మిల్లీమీటర్లు, అడ్డంగా తిప్పితే ఏ4 కన్నా 59 ఎక్కువ. ప్రింటర్ ప్రిఫరెన్సెస్‌లోనూ, ప్రివ్యూలోనూ లీగల్ అని మార్చి ఇంకోటి తీశాను. ఈసారి చేయి చాచకుండానే చదివాడు. డబ్బులు నేను అడగలేదు, ఆయనా ఇవ్వలేదు.